నాలుగు రెబ్బల కలుపును గుర్తించండి

వరి మడిలో నాలుగు రెబ్బల ఆకు కనిపిస్తే పులిచింత అనుకుని వదిలేయకండి. పులిచింతకు మూడే రెబ్బలు, పైగా పసుపు పూలు పూస్తుంది. ఇది మార్సీలియా, పువ్వు పూయని ఫెర్న్ జాతి మొక్క. లేత ఆకు గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. ఫెర్న్ అనడానికి అదే గుర్తు.

మడిలో నీరు తీశాక ఆకు కాడ మొదట్లో తడిమి చూడండి. మిరియమంత, చిక్కుడు గింజ ఆకారంలో కాయలు తగులుతాయి. రైతులు విత్తనాలంటారు గానీ లోపల ఉండేవి సిద్ధబీజాలు. కాయ లేతగా ఉన్నప్పుడు ఆకుపచ్చగా, మెత్తగా ఉంటుంది. ముదిరితే నల్లబడి రాయిలా గట్టిపడుతుంది. ఎండిన మడిలోనూ ఏళ్ల తరబడి చావదు, నీరు తగిలితే మళ్లీ మొలుస్తుంది. అందుకే కాయ పట్టకముందే తీగతో సహా పీకేయాలి. పైపైన ఆకు కోస్తే లాభం లేదు. తెగిన తీగ ముక్కలను మడిలో వదలకండి, కణుపు దగ్గర వేరు తన్నుతాయి.