ఎండలో నలుపు... నీడలో తెలుపు!

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ. శ్రీసిటీలోని ఓ ఫ్యాక్టరీ గేటు. షెడ్డులోంచి బయటికొచ్చిన కుర్రాడి కళ్లజోడు రోడ్డు దాటేలోపే నల్లబడిపోతుంది. చెట్టు నీడలో కాసేపు నిలబడితే మళ్లీ తేటపడుతుంది. అదే చెట్టు పక్కన ఆగి ఉన్న పాత కారుకేమో హెడ్‌లైట్ పసుపెక్కి, పొర కమ్మిన కంటిలా ఉంటుంది. దాన్ని నీడలో ఎంతసేపు ఉంచినా తెల్లబడదు.

రెండూ ప్లాస్టిక్కే. రెండింటి మీదా పడింది ఒకే ఎండ. ఒకదాని రంగు మారి వెనక్కి వచ్చింది, రెండోదాని రంగు మారి అక్కడే ఉండిపోయింది. ఎందుకలా?

గింజల్లోంచి...

తిరుపతి జిల్లాలో తమిళనాడు సరిహద్దును ఆనుకుని, సత్యవేడుకు దగ్గర్లో ఉంటుంది శ్రీసిటీ. 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరంలో 2015 నుంచీ ఫాక్స్‌కాన్ సెల్‌ఫోన్లను తయారుచేయడం మొదలుపెట్టింది. 2016లో ఇసుజు వాహనాల కర్మాగారం ప్రారంభమైంది. కార్ల భాగాలకు కావాల్సిన రెజిన్లను తయారుచేసే జపాన్ సంస్థ టోరే కూడా ఇక్కడే ఉంది.

రెజిన్ అంటే ప్లాస్టిక్‌కు ముడిసరుకు. కొన్ని రెజిన్లు బియ్యపు గింజల్లాంటి గుళికలుగా ఉంటాయి. వాటిని కరిగించి అచ్చుల్లోకి ఎక్కిస్తారు. మరికొన్ని తేనెలా చిక్కటి ద్రవాలు. వేడి తగిలితేనో వెలుతురు పడితేనో గట్టిపడి రాయిలా అయిపోతాయి. కార్లు తయారుచేసేవాళ్లకి ఏళ్ల తరబడి ఎండలో ఉన్నా రంగు మారని ప్లాస్టిక్ కావాలి. కళ్లజోళ్లు చేసేవాళ్లకి ఎండ తగలగానే రంగు మారేది కావాలి. ఇద్దరి లెక్కా తేలేది సూర్యుడి దగ్గరే!

గొడుగు విప్పే అణువు

ఎండకు నల్లబడే కళ్లద్దాలను దుకాణాల్లో ఫొటోక్రోమిక్ అంటారు. ఇప్పటి ప్లాస్టిక్ అద్దాల్లో నాఫ్తోపైరాన్ల లాంటి రంగు పదార్థాలు ఉంటాయి. నీడలో వాటి అణువు ముడుచుకుని ఉంటుంది. అప్పుడు దానికి రంగు లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణం తగలగానే అణువులో ఒక కార్బన్-ఆక్సిజన్ బంధం తెగి, ముడుచుకున్నది కాస్తా బల్లపరుపుగా విచ్చుకుంటుంది. విచ్చుకున్న అణువు మామూలు వెలుతురును కూడా పీల్చుకోవడం మొదలుపెడుతుంది. మనకు నలుపు కనిపించేది అందుకే. ఎండ తప్పుకోగానే చుట్టూ ఉన్న వేడి చాలు, తెగిన బంధం మళ్లీ అతుక్కుంటుంది. ఒక్కమాటలో చెప్పాలంటే... ఎండలో గొడుగు విప్పడం, నీడలోకి రాగానే ముడవడం!

అయితే గొడుగు విప్పాలంటే చుట్టూ చోటుండాలి కదా. కిక్కిరిసిన బస్సులో విప్పగలమా? ఇక్కడా అంతే. మరీ గట్టిగా బిగుసుకున్న ప్లాస్టిక్‌లో అణువు కదలలేదు, రంగు మారడం ఆలస్యమవుతుంది. అందుకే కాస్త మెత్తటి పొరలో రంగును ఇమిడ్చి అద్దం పైభాగంలో ఉంచే పద్ధతులు వచ్చాయి.

ఈ వింత కొత్తదేం కాదు. టెట్రాసీన్ అనే నారింజరంగు పదార్థం ద్రావణం ఎండలో వెలిసిపోయి చీకట్లో మళ్లీ రంగు తేలడాన్ని 1867లోనే ఫ్రిట్షే అనే రసాయన శాస్త్రవేత్త గమనించాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1960ల్లో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో స్టూకీ, ఆర్మిస్టెడ్ ఎండకు నల్లబడే గాజును తయారుచేశారు. ఫొటో ఫిల్ములో వాడే వెండి లవణాలనే సన్నటి స్ఫటికాలుగా గాజులో ఇమిడ్చారు. ఫిల్ము మీద పడిన బొమ్మ చెరగదు, గాజులోని నలుపు మాత్రం చెరిగిపోతుంది. తేలికైన ప్లాస్టిక్ అద్దాలు 1990ల్లో జోరందుకున్నాయి.

పంట్లో వెలుగు

వెలుతురుకు రంగు మారే రెజిన్ మీ ఇంట్లో ఎవరి నోట్లోనైనా ఉండొచ్చు! పుచ్చిన పంటికి డాక్టరు తెల్లటి ముద్ద పెట్టి, దాని మీద నీలి వెలుగు పట్టడం చూసే ఉంటారు. ఆ ముద్దను గట్టిపడేలా చేసేది క్యాంఫర్‌క్వినోన్. మన కర్పూరానికి చుట్టమే. దాని రంగు పసుపు. నీలి వెలుగు పడ్డప్పుడు అది ఖర్చవుతూ రెజిన్‌ను బిగిస్తుంది, ఆ క్రమంలో పసుపు కూడా తగ్గుతుంది. ఈ రంగు పోతే మళ్లీ రాదు. రాకపోవడమే ఇక్కడ మేలు!

ముద్రించే ఊసరవెల్లి

కంప్యూటర్‌లో గీసిన బొమ్మను పొరలు పొరలుగా పేర్చి వస్తువుగా మార్చేదే త్రీడీ ప్రింటింగ్. ద్రవ రెజిన్‌ను అతినీలలోహిత కాంతితో గట్టిపరిచే పద్ధతికి అమెరికాకు చెందిన చక్ హల్ 1984లో పేటెంటు కోసం దరఖాస్తు చేశాడు. ఆ రెజిన్‌లో రంగు మారే పొడి కలిపితే ఎండలోకి తీసుకెళ్లగానే ఊదారంగులోకి మారే బొమ్మలు చేసుకోవచ్చు. కాకపోతే ఓ చిక్కుంది. రెజిన్ గట్టిపడటానికి కావాల్సిన కాంతినే రంగు కూడా తాగేస్తుంది. పొడి ఎక్కువైతే వస్తువు సరిగా గట్టిపడదు.

అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2019లో మరో అడుగు వేశారు. నీలం, గులాబీ, పసుపు ఛాయల్లో రంగు మారే మూడు పదార్థాలను కలిపి వస్తువు మీద పిచికారీ చేశారు. అతినీలలోహిత కాంతితో మూడు రంగులనూ తేల్చి, ఆ తర్వాత ప్రొజెక్టర్ వెలుగుతో అక్కర్లేని రంగును అక్కర్లేని చోట చెరిపేశారు. బొమ్మ కారు, బూటు, ఊసరవెల్లి బొమ్మ... అన్నీ కొత్త డిజైన్లు తొడుక్కున్నాయి. వద్దనుకుంటే చెరిపేసి మళ్లీ వేయొచ్చు. ఒక్కో డిజైన్‌కు 15 నుంచి 40 నిమిషాలు పట్టింది. 2022లో వివో సంస్థ ఎండ తగిలితే వెనకవైపు రంగు మారే ఫోనును మన దేశంలో విడుదల చేసింది.

తిరిగిరాని రంగు

మరి ఆ కారు హెడ్‌లైట్ సంగతేంటి? దాని పైకప్పు పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్. పైన కాపలాగా వేసిన పొర అరిగిపోయాక అతినీలలోహిత కిరణాలు నేరుగా లోపలి బంధాలను తెంచుతాయి. తెగిన చోట గాలిలోని ఆక్సిజన్ చేరుతుంది. పసుపురంగు పదార్థాలు పుడతాయి. ఇక్కడ గొడుగు విప్పుకోలేదు, విరిగిపోయింది. అందుకే నీడలో పెట్టినా లాభం లేదు. ఆరుబయట వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీ వెలిసిపోయి, ఓరోజు కూర్చోగానే పుటుక్కున విరగడానికీ ఎండ దెబ్బే కారణం.

దీన్ని ఆపడానికి ప్లాస్టిక్ గుళికల్లోనే ఎండను కాచుకునే పదార్థాలను కలుపుతారు. మేడ మీది నల్ల నీళ్ల ట్యాంకును చూడండి. ఆ నలుపు అందానికి కాదు. మసి లాంటి కార్బన్ బ్లాక్ ఎండను తానే భరించి ప్లాస్టిక్‌ను కాపాడుతుంది.

రంగు మారే కళ్లద్దాలూ చిరంజీవులేం కావు. ప్రతిసారీ విచ్చుకుని ముడుచుకునే అణువుల్లో కొన్ని దారి తప్పి, వేరే పదార్థాలుగా మిగిలిపోతాయి. అలా కొన్నేళ్లకు అద్దాలు మునుపటంత నల్లబడవు, నీడలోనూ కాస్త పసుపు తేలి కనిపిస్తాయి.

కొనేముందు...

* ఈ అద్దాల్లో రంగును వెనక్కి తెచ్చేది వేడి. కాబట్టి వేడి పెరిగేకొద్దీ నలుపు తగ్గుతుంది. మే నెలలో సత్యవేడు ఎండలో కన్నా అదే జోడు కశ్మీర్ మంచుకొండల మీద ఎక్కువ నల్లబడుతుంది. ‘మాకు సరిగా మారట్లేదు’ అనిపిస్తే లోపం అద్దానిదే కానక్కర్లేదు.

* కారు ముందు అద్దం అతినీలలోహిత కిరణాలను చాలావరకూ అడ్డుకుంటుంది. అందుకే డ్రైవింగ్ సీట్లో మామూలు ఫొటోక్రోమిక్ జోడు పెద్దగా నల్లబడదు.

* నల్లగా ఉన్నంత మాత్రాన కంటికి రక్షణ ఉన్నట్టు కాదు. చీకటిగా ఉంటే కనుపాప పెద్దదవుతుంది. ఆ అద్దం అతినీలలోహిత కిరణాలను ఆపకపోతే మేలు కన్నా కీడే ఎక్కువ. అతినీలలోహిత కాంతి శుక్లాలకు ఓ కారణం. ఏ జోడు కొన్నా ‘యూవీ400’ రక్షణ ఉందేమో అడగండి.

* ఇంట్లో త్రీడీ ప్రింటర్ ఉంటే గట్టిపడని రెజిన్‌ను ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. చర్మానికి ఎలర్జీ రావచ్చు. పిల్లల్ని అటు రానివ్వకండి.

* ఎండకు రంగు మారే పూసలు దొరికితే పిల్లలకివ్వండి. ఓ పూసను మీ చలువ కళ్లద్దాల వెనక పెట్టి ఎండలో చూడమనండి. అద్దం కిరణాలను ఆపుతుంటే, దాని చాటునున్న పూసకు రంగు అంతగా ఎక్కదు.

ఎండకు రంగు మారడం ఏ ప్లాస్టిక్‌కైనా వచ్చిన విద్యే. నీడకు చేరాక మళ్లీ మొదటికి రావడమే అసలు విద్య. శ్రీసిటీ గేటు దగ్గర ఆ కుర్రాడి కళ్లజోడు రోజూ చేస్తున్నది అదే... ఓపిక ఉన్నన్నాళ్లూ!