ఒక్క ఛానెల్, మూడు ఊళ్లు, 260 సెకన్లు

ప్రొద్దుటూరు దసరా ఉత్సవాలు ఒక ఛానెల్లో ప్రత్యక్షంగా వస్తున్నాయనుకుందాం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో కలిపి 600 ఇళ్లు అదే చూస్తున్నాయి. టీవీకి సెకనుకు 4 మెగాబిట్ల వీడియో అనుకుంటే, ఇంటింటికీ విడిగా పంపడానికి 2,400 మెగాబిట్లు కావాలి. గిగాబిట్ లింకులు రెండు వేసినా చాలవు. అదే మల్టీకాస్ట్‌లో అయితే 4 మెగాబిట్లే. ఒక్క ప్రతి వస్తుంది, అడిగిన పోర్టుకల్లా స్విచ్చే నకలు తీసి ఇస్తుంది.

2017 డిసెంబర్ 27న రాష్ట్ర ప్రభుత్వపు ఫైబర్ సేవ ఏపీ ఫైబర్‌నెట్‌ను అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే 15 మెగాబిట్ల ఇంటర్నెట్, ఫోను, 250 ఛానెళ్లు అన్నారు. మన 4 మెగాబిట్ల లెక్కన 250 ఛానెళ్లంటే 1,000 మెగాబిట్లు. చూసే ఇళ్లు వేలైనా లక్షలైనా, మల్టీకాస్ట్‌లో ఏ లింకు మీదా ఆ మొత్తం పెరగదు. పల్లెకు కూడా తక్కువ ధరకు టీవీ అందించగలగడానికి ఈ లెక్కే ప్రాణం.

చిక్కంతా వీల్యాన్‌ల దగ్గర, అంటే ఒకే నెట్‌వర్కును విడదీసే భాగాల దగ్గర, మొదలవుతుంది. ప్రొద్దుటూరుకు 10, జమ్మలమడుగుకు 20, పులివెందులకు 30 పెట్టామనుకోండి. ఒకే స్విచ్‌లో ఉన్నా అవి గోడ కట్టిన గదులు. 10లోని ప్రసారం 20లోకి దానంతటది పోదు, పిమ్ అనే మల్టీకాస్ట్ ప్రొటోకాల్ నడిచే రౌటర్ దాటించాలి. పంపే యంత్రంలో టీటీఎల్ (ప్యాకెట్ ఎన్ని రౌటర్ల దాకా పోవచ్చో చెప్పే అంకె) 1గా ఉంటే ఆ రౌటర్ దగ్గరే ప్యాకెట్ ఆగిపోతుంది. సరిగా దాటినా, మూడు ఊళ్లదీ ఒకే ట్రంకు అయితే అదే బొమ్మ దాని మీద మూడుసార్లు పోతుంది. 250 ఛానెళ్లకు అది 3,000 మెగాబిట్లు. అందుకే టీవీకని విడిగా ఒక వీల్యాన్ పెట్టి, ఎంవీఆర్ (మల్టీకాస్ట్ వీల్యాన్ రిజిస్ట్రేషన్) వాడడం మేలు. ట్రంకు మీద ఒక్క ప్రతే నడుస్తుంది, చివరి స్విచ్ దగ్గర ఊరి వీల్యాన్‌లోకి దిగుతుంది. మళ్లీ 1,000కే వచ్చాం.

అన్నిటికన్నా తిప్పలు పెట్టే అంకె 260. ఏ పోర్టు ఏ ఛానెల్ అడిగిందో స్విచ్ విని రాసుకోవడాన్ని ఐజీఎంపీ స్నూపింగ్ అంటారు. క్వెరియర్ అనేది మామూలుగా ప్రతి 125 సెకన్లకు 'ఇంకా ఎవరైనా చూస్తున్నారా?' అని అడుగుతుంది. జవాబుకు గడువు 10 సెకన్లు. రెండు 125లు, మీద 10 కలిపి 260 సెకన్లపాటు జవాబు రాకపోతే స్విచ్ ఆ పోర్టు పేరు కొట్టేస్తుంది. వీల్యాన్‌లో క్వెరియర్ లేకపోతే అడిగేవాళ్లే ఉండరు కాబట్టి జవాబూ ఉండదు. ఆన్ చేయగానే టీవీ తనంతట తానే అడుగుతుంది, బొమ్మ వస్తుంది. బాగుందని కేబుల్ కుర్రాడు బండెక్కి వెళ్లిపోతాడు. 4 నిమిషాల 20 సెకన్లకు బొమ్మ ఆగిపోతుంది. బాక్సు ఆపి వేస్తే వస్తుంది, మళ్లీ పోతుంది. తప్పు బాక్సుదేమోనని అది మారుస్తారు, తర్వాత తీగ మారుస్తారు. ఆ కుర్రాడి శ్రమ, ఇంటివాళ్ల డబ్బు రెండూ వృథా అవుతాయి.

పిమ్ ఉన్న రౌటర్ క్వెరియర్ పని కూడా చేస్తుంది. అది లేని ప్రతి వీల్యాన్‌లోనూ స్విచ్‌లోనే క్వెరియర్‌ను ఆన్ చేయాలి. ఒకే వీల్యాన్‌లో రెండు క్వెరియర్లు ఉంటే తక్కువ ఐపీ ఉన్నదే గెలుస్తుంది. కనెక్షన్ ఇచ్చాక ఛానెల్ మార్చకుండా ఐదు నిమిషాలు ఆ ఇంట్లోనే కూర్చోండి.