చిన్న పరికరానికి పైథాన్: క్రాస్ కంపైలేషన్‌లో ఎదురయ్యే చిక్కులు

ఆరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్ నగరం సెమీకండక్టర్ పరిశ్రమకు ప్రసిద్ధి. ఇంటెల్ కర్మాగారాలు అక్కడ ఉన్నాయి; మైక్రోచిప్ టెక్నాలజీ ప్రధాన కార్యాలయమూ అక్కడే. 2016లో ఆట్మెల్ సంస్థను కొనడంతో, లినక్సు నడపగల సామా5 శ్రేణి ప్రాసెసర్లు మైక్రోచిప్ చేతికి వచ్చాయి. వీటిలో సామా5డి27 చిప్పు ఒక రకంలో 500 మెగాహెర్ట్జ్ ఆర్మ్ కార్టెక్స్-ఎ5 కోర్ ఒకటి, అదే ప్యాకేజీలో 128 మెగాబైట్ల మెమరీ ఉంటాయి. ఇంత చిన్న పరికరం మీద పైథాన్ ప్రోగ్రాములు నడుస్తాయి. కాని పైథాన్‌ను దాని మీదనే కంపైల్ చేయడానికి ఆ మెమరీ, ఆ వేగం చాలవు. అందుకే శక్తిమంతమైన 64 బిట్ల కంప్యూటరు మీద, 32 బిట్ల ఆర్మ్ బోర్డు కోసం దానిని నిర్మిస్తారు. ఇదే క్రాస్ కంపైలేషన్.

అమెరికాలో ఉన్న మనిషికి విజయవాడలో జాకెట్టు కుట్టించడం వంటిది ఈ పని. తొడిగి చూడడానికి మనిషి ఎదురుగా ఉండదు; దర్జీకి ఆది జాకెట్టే ఆధారం. ఇక్కడ ఆది జాకెట్టు పాత్ర సిస్‌రూట్‌ది. బోర్డు మీద ఉండబోయే లైబ్రరీలకూ హెడర్ ఫైళ్ళకూ అది నకలు. కంపైలర్ దానిని వదిలి తానున్న కంప్యూటరు హెడర్లను చూస్తే, కొలతలన్నీ తప్పుతాయి.

మొదటి చిక్కు కాన్ఫిగర్ దశలో వస్తుంది. సాధారణంగా ఆ స్క్రిప్టు చిన్న చిన్న సి ప్రోగ్రాములు రాసి, నడిపి, వ్యవస్థ లక్షణాలు తెలుసుకుంటుంది. ఆర్మ్ ప్రోగ్రామును ఇంటెల్ కంప్యూటరు నేరుగా నడపలేదు కనుక, కొన్ని ప్రశ్నలకు సమాధానాలు మనిషే ముందుగా రాసి ఇవ్వాలి. బోర్డులో ఒక పరికర ఫైలు ఉందా లేదా అన్నది అటువంటి ప్రశ్న.

రెండవ చిక్కు పైథాన్‌కు సంబంధించినది. దాని నిర్మాణంలో కొన్ని మెట్లు పైథాన్‌తోనే నడుస్తాయి. కాని కొత్తగా కట్టిన పైథాన్ ఆర్మ్‌ది, ఇక్కడ నడవదు. కాబట్టి ముందు సొంత కంప్యూటరుకు ఒక పైథాన్ సిద్ధం చేసుకుని, దాని సాయంతో రెండవదానిని కట్టాలి. 3.11 వెర్షను నుండి ఈ సహాయక పైథాన్‌ను స్పష్టంగా చూపించడం తప్పనిసరి. రెండింటి వెర్షనూ ఒకటే కావాలి. బిల్డ్‌రూట్ వంటి సాధనాలు ఈ వరుసను తామే పాటిస్తాయి.

పేర్లు కూడా తికమక పెడతాయి. ఆటోకాన్ఫ్ పరిభాషలో ‘హోస్ట్’ అంటే ప్రోగ్రాము నడవబోయే యంత్రం. బిల్డ్‌రూట్‌లో అదే మాటకు నిర్మాణం జరిగే యంత్రమని అర్థం. ఈ తేడా గమనించక ఒకదాని సూచనలను రెండవదానికి అన్వయిస్తే, ఫలితం తలకిందులవుతుంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైనవి చప్పుడు చేయని లోపాలు. సిస్‌రూట్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ దొరకకపోయినా పైథాన్ నిర్మాణం ఆగదు. ఆ మాడ్యూలు లేదని చివర ఒక వరుసలో చెప్పి, పని ముగిస్తుంది. ఎక్కడో గోడకు బిగించి వచ్చిన పరికరం భద్రమైన మార్గంలో అప్‌డేట్ తెచ్చుకోబోయినప్పుడు ఆ లోటు బయటపడుతుంది. అప్పటికి దానిని చేరుకునే దారి కూడా మూసుకుపోయి ఉండవచ్చు.

లువా భాష ఈ విషయంలో తేలిక. 1993లో బ్రెజిల్‌లో పుట్టిన ఆ భాష ఇంటర్‌ప్రెటర్‌ను ప్రామాణిక సి భాషలో రాశారు. కాన్ఫిగర్ దశ లేదు, కంపైలర్ పేరు మార్చితే దాదాపు సరిపోతుంది. అక్కడా ఒక జాగ్రత్త అవసరం: లువా 5.1లో 64 బిట్ల కంప్యూటరు మీద తయారుచేసిన బైట్‌కోడ్‌ను 32 బిట్ల బోర్డు తిరస్కరిస్తుంది.

నిర్మాణం విజయవంతమైందన్న సందేశం చూసి పని పూర్తయిందనుకోరాదు. అవసరమైన మాడ్యూళ్ళ జాబితా ముందే రాసుకుని, ఒక్కొక్కదానినీ క్యూఎము ఎమ్యులేటరులోనూ ఆపై అసలు బోర్డు మీదా ఇంపోర్ట్ చేసి చూడాలి. ఒక్కటి విఫలమైనా నిర్మాణాన్ని ఆపివేసేలా ఆ పరీక్షను స్క్రిప్టులో చేర్చడం మేలు. తొడిగి చూడకుండా ఏ జాకెట్టూ కుదిరిందని చెప్పలేం.