పిల్లి బొచ్చులోని నల్లపొడి

గత వర్షాకాలంలో మా పాఠశాల సామాన్ల గదిలో, గోనెసంచుల మీద ఒక పిల్లి మూడు కూనలను పెట్టింది. నెల తిరిగేసరికి వాటిలో ఒకటి లేవలేక పడి ఉంది. ఆకలి అనుకున్నాం. దాని బొచ్చులో మిరియాల పొడి చల్లినట్టు నల్లని రేణువులు కనిపిస్తే మట్టి అనుకుని దులిపేశాం. పశువైద్యశాలకు తీసుకువెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఆ నల్లపొడి ఏమిటో మాకు ముందే తెలిసి ఉంటే ఆ కూన బతికేదేమో. మరొకరి ఇంట అలా జరగకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఆ పొడి ఫ్లీ అనే పురుగు రెట్ట. మనం పేలు, గోమార్లు అని అన్నిటినీ కలిపి అనేస్తాం గానీ ఇది వేరు. రెండు మూడు మిల్లీమీటర్లకు మించని గోధుమరంగు పురుగు. రెక్కలు లేవు, వెనక కాళ్ళతో ఎగిరి దూకుతుంది. దీని ఆహారం రక్తమే. దాని రెట్టలో ఉండేదీ చాలావరకు జీర్ణం కాని రక్తమే. పిల్లిని దువ్వి, రాలిన పొడిని తడిపిన తెల్లకాగితం మీద వేయండి. చుట్టూ ఎర్రని మరక వ్యాపిస్తే అది మట్టి కాదు.

ఇంత చిన్న పురుగు ఎంత రక్తం తాగుతుందని అనిపించవచ్చు. లెక్క వేసి చూద్దాం. 72 ఆడ ఫ్లీలు కలిసి రోజుకు సుమారు 1 మిల్లీలీటరు రక్తం పీలుస్తాయి. అరకిలో బరువున్న కూన ఒంట్లో ఉండే మొత్తం రక్తం సుమారు 30 మిల్లీలీటర్లే. పది రోజులు ఇలాగే సాగితే కూన గతి ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. చిగుళ్ళు గులాబీరంగు పోయి తెల్లగా పాలిపోతే రక్తహీనత ముదిరిందని అర్థం. ఆ రోజే వైద్యునికి చూపించాలి.

పెద్ద పిల్లులకు వచ్చే బాధ మరో రకం. కొన్నిటికి ఫ్లీ లాలాజలం పడదు. నాలుగు కాట్లు పడినా ఒళ్ళంతా దురద. నాకి నాకి నడుము, తోక మొదట్లో బొచ్చు ఊడిపోతుంది, మెడ చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. నాకేటప్పుడు ఫ్లీని మింగితే దాని ద్వారా బద్దెపురుగులు కడుపులో చేరతాయి. మలద్వారం దగ్గర బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనిపిస్తే అదే సంగతి. పొరపాటున ఫ్లీని మింగితే చంటిపిల్లలకూ ఈ పురుగులు రావచ్చు. పిల్లి గోరు గీరితే మనుషులకు వచ్చే ఒక రకం జ్వరానికి కారణమైన సూక్ష్మజీవి కూడా పిల్లి నుంచి పిల్లికి ఫ్లీల వల్లనే పాకుతుంది.

పిల్లి ఒంటి మీద ఉన్నవాటిని చంపితే పని అయిపోదు. ఆడ ఫ్లీ రోజుకు 40 దాకా గుడ్లు పెడుతుంది. అవి జారి చాపల్లో, పరుపుల్లో, గోడ మూలల్లో పడతాయి. అక్కడే పెరిగి, గూడు కట్టుకుని, కొన్ని నెలలైనా ఆగగలవు. అడుగుల అదురు, ఒంటి వేడి తగలగానే బయటికి దూకుతాయి. సెలవుల తర్వాత తెరిచిన గదిలో కాళ్ళను ఫ్లీలు కుట్టడానికి కారణం ఇదే.

కాబట్టి ఇంటిని, పిల్లిని కలిపి చూసుకోవాలి. పిల్లి పడుకునే గుడ్డలను వారానికోసారి వేడినీళ్ళలో ఉతకాలి. మూలమూలలా ఊడవాలి. ఈర్ల దువ్వెనతో పిల్లిని దువ్వి, చిక్కిన పురుగులను సబ్బునీళ్ళలో వేయాలి. మందు మాత్రం పశువైద్యుడు పిల్లి వయసు, బరువు చూసి చెప్పినదే వాడాలి. ఇంట్లో ఉన్న జంతువులన్నిటికీ వాడాలి, కొన్ని నెలలు ఆపకూడదు.

ఒక హెచ్చరిక. కుక్కల మందు పిల్లికి ఎన్నడూ పూయకండి. వాటిలో కొన్నిటిలో ఉండే పెర్మెత్రిన్‌ను పిల్లి శరీరం విరిచివేయలేదు. వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు. కిరోసిన్, ఫినాయిల్ కూడా విషమే. పిల్లి ఒళ్ళు నాక్కునే జంతువు, పైన పూసింది లోపలికి పోతుంది.

మిగిలిన రెండు కూనలు కోలుకున్నాయి. గోనెసంచులు తీసివేయించాం. ఇప్పుడు శనివారం శనివారం మా విద్యార్థులే వాటిని దువ్వి, తడికాగితం తెచ్చి మాకు చూపిస్తున్నారు.