షుగర్ పడిపోతే మొదటి 15 నిమిషాలు: ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం సీరియస్. షుగర్ అనగానే మన ఇళ్ళల్లో అందరికీ ఒకటే భయం, పెరుగుతుందేమోనని. "అన్నం తగ్గించు, మామిడిపండు ముట్టుకోకు, స్వీట్ వైపు చూడకు." పడిపోవడం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. పెరిగిన షుగర్ ఎక్కువగా ఏళ్ళ తరబడి మెల్లగా దెబ్బ తీస్తుంది. పడిపోయిన షుగర్‌కి అంత టైమ్ అక్కర్లేదు, ఒక్క సాయంత్రం చాలు.

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చదివి, కొన్నాళ్ళు కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చున్నవాణ్ణి. మీ మందులూ డోసులూ మీ డాక్టర్ గారే చూడాలి. నేను చెప్పేది, డాక్టర్ దగ్గరికి చేరేలోపు ఇంట్లో మన చేతిలో ఏముందో అది.

మా ఇంట్లో జరిగింది

మాది చింతలపూడి. రెండేళ్ళ కిందట, కార్తీక సోమవారం. మా మామ్మ ఉపవాసం. మామ్మ అంటే నాన్న వాళ్ళమ్మ. ఆవిడకి పన్నెండేళ్ళ నుంచి షుగర్. పొద్దున ఒకటి, రాత్రి భోజనానికి ముందు ఒకటి మాత్ర వేసుకుంటుంది. ఆ రోజు అన్నం మానేసింది గానీ మాత్ర మానలేదు. "మందు ఒక్క పూట కూడా మానకూడదని డాక్టర్ గారు చెప్పారుగా" అంది తర్వాత అడిగితే. సాయంత్రం మాత్ర కూడా వేసేసుకుని శివాలయానికి వెళ్ళింది. దీపం పెట్టి, నక్షత్రం చూసి, ఇంటికొచ్చి తిందామని లెక్క. గుళ్ళో జనం, ఆలస్యమైపోయింది.

ఇంటికొచ్చాక అరుగు మీద కూర్చుని అమ్మని తిట్టడం మొదలుపెట్టింది. ఎప్పుడూ ఎవరినీ ఒక మాట అనని మనిషి. నేను లోపల ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. ఆకలికి కోపం వచ్చింది కాబోలు అనుకున్నాం. కాసేపటికి మాట తడబడింది. నవంబర్ చలిలో జాకెట్టంతా తడిసిపోయి ఉంది. అప్పుడు మీటర్ తీశాను. 48.

నాలుగు స్పూన్ల పంచదార నీళ్ళల్లో కలిపి తాగించాను. పావుగంటకి 51. మళ్ళీ ఇచ్చాను. 54. పంచదార తాగించినా రీడింగ్ కదలట్లేదు! డాక్టర్ గారికి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మాత్ర షీట్ మీద ఏం రాసుందో చదువు." చదివాను. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోజ్. "పంచదార కాదయ్యా, గ్లూకోజ్ పౌడర్ ఇవ్వు" అన్నారు. పక్కింటి పిన్ని గారి దగ్గర డబ్బా దొరికింది. ఇచ్చిన 15 నిమిషాలకి 83. మామ్మ నన్ను చూసి, "ఒరేయ్, అందరూ ఇలా నిలబడ్డారేంట్రా" అంది.

ఆ పక్కింట్లో డబ్బా లేకపోతే? ఆ ప్రశ్నకి జవాబే ఈ ఎపిసోడ్.

ఎంత ఉంటే తక్కువ అంటారు

షుగర్‌కి మందులు వాడేవాళ్ళకి 70 కంటే తక్కువ వస్తే లో షుగర్. అక్కడే వైద్యం మొదలుపెట్టాలి. 54 కంటే తక్కువ వస్తే ప్రమాదం. ఇక అంకెతో సంబంధం లేకుండా, మనిషి తనంతట తాను తీపి తీసుకోలేని స్థితిలో ఉంటే అది తీవ్రమైన లో షుగర్, ఎమర్జెన్సీ.

లక్షణాలు రెండు దశల్లో అర్థం చేసుకోండి. మొదటిది శరీరం కొట్టే అలారం: వణుకు, చెమట, గుండె దడ, విపరీతమైన ఆకలి. రెండోది మెదడుకి ఇంధనం అందకపోవడం: మాట తడబడటం, చూపు మసకబారడం, తికమక, అకారణ కోపం, చివరికి ఫిట్స్, స్పృహ తప్పడం. మెదడు మామూలుగా నడిచేది గ్లూకోజ్ మీదే. ఆ గ్లూకోజ్‌ని కణాలు ఏటీపీ అనే శక్తిగా మార్చుకుంటాయి. 1929లో కండరాల్లో ఆ ఏటీపీని కనుక్కున్నవాళ్ళలో ఒకాయన మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. మన గోదావరి వాళ్ళకి ఈ సబ్జెక్ట్ అంత దూరం చుట్టమేం కాదు.

ఒక హెచ్చరిక. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్ళలో దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. అలాగే తరచూ షుగర్ పడిపోయేవాళ్ళలో శరీరం అలారం కొట్టడమే మానేస్తుంది. "నాకు 55 ఉన్నా ఏమీ తెలీదు, నేను బాగానే ఉన్నా" అని ఎవరైనా గొప్పగా చెప్తే, అది గొప్ప కాదు. వెంటనే డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం.

15 గ్రాములు, 15 నిమిషాలు

రూల్ సింపుల్. 70 కంటే తక్కువ వచ్చింది, మనిషి స్పృహలో ఉన్నారు, మింగగలరు. 15 గ్రాముల త్వరగా కరిగే తీపి ఇవ్వండి. 15 నిమిషాలు ఆగండి. మళ్ళీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ 15 గ్రాములు. మీటర్ దగ్గర లేకపోతే, లక్షణాలు ఉంటే చాలు, ముందు తీపి ఇచ్చేయండి. మీటర్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు.

15 గ్రాములంటే ఎంత? వంటింటి కాటా మీద తూచాను. మా ఇంటి టీ స్పూన్‌తో నాలుగు స్పూన్ల గ్లూకోజ్ పౌడర్. పంచదార అయినా దాదాపు అంతే. మామూలు కూల్‌డ్రింక్ అయితే 150 మిల్లీలీటర్లు. డయట్ డ్రింక్ అయితే పనికిరాదు, అందులో చక్కెరే ఉండదు.

ఇప్పుడు మనం చేసే పొరపాట్లు. చాక్లెట్ ఇస్తాం. అందులో కొవ్వు ఉంటుంది, గ్లూకోజ్ రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. బిస్కెట్లు, పాలు కూడా నెమ్మదే. అవి తర్వాత ఇవ్వాల్సినవి. కొబ్బరి నీళ్ళు మంచివే గానీ, ఒక గ్లాసులో సాధారణంగా 15 గ్రాముల చక్కెర ఉండదు. ఓఆర్ఎస్ ఇస్తాం. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ఓఆర్ఎస్ లీటర్ మొత్తం తాగితే 13.5 గ్రాముల గ్లూకోజ్. ఒక గ్లాసులో ఉండేది మూడు గ్రాముల లోపే. అది విరేచనాలకి చేసిన మందు, దీనికి కాదు.

మరి మామ్మకి పంచదార ఎందుకు పనిచేయలేదు? పంచదార అంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఉన్న జంట. పేగులో ఒక ఎంజైమ్ ఆ జంటని విడదీస్తేనే గ్లూకోజ్ రక్తంలోకి వెళ్తుంది. వోగ్లిబోజ్, అకార్బోజ్ మందుల పనే ఆ ఎంజైమ్‌ని ఆపడం. అందుకే ఈ మందులు వాడేవాళ్ళకి పంచదార, బెల్లం నమ్ముకోకూడదు. నేరుగా గ్లూకోజే ఇవ్వాలి. ఈ వీడియో ఆపి, ఇప్పుడే వెళ్ళి మీ ఇంట్లో మాత్రల షీట్ మీద పేర్లు చదవండి. ఆ రెండు పేర్లలో ఏది కనిపించినా ప్లెయిన్ గ్లూకోజ్ డబ్బా కొనాల్సిందే. అసలు ఏ మందు వాడినా కొనిపెట్టుకుంటే మంచిదే.

లేచి కూర్చున్నారు కదా అని వదిలేయొద్దు

మామ్మకి 83 వచ్చాక మేం హమ్మయ్య అనుకున్నాం. డాక్టర్ గారు మాత్రం "ఇడ్లీనో పెరుగన్నమో పెట్టండి, రాత్రంతా రెండు గంటలకోసారి చూడండి" అన్నారు. ఫోన్లో అలారాలు పెట్టాను. అర్ధరాత్రి రెండింటికి 64! ఆవిడ ప్రశాంతంగా నిద్రపోతోంది. అలారం లేకపోతే మాకు తెలిసేదే కాదు. లేపి మళ్ళీ గ్లూకోజ్, తర్వాత ఇంకో రెండు ఇడ్లీలు.

కారణం ఏంటంటే, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మందులు తిన్నా తినకపోయినా క్లోమగ్రంథి నుంచి ఇన్సులిన్‌ని బయటికి తోస్తూనే ఉంటాయి. మనం ఇచ్చిన గ్లూకోజ్ గంటలో అయిపోతుంది, మందు మాత్రం గంటల తరబడి పనిచేస్తూ ఉంటుంది. పెద్దవాళ్ళలో, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళలో ఇంకా ఎక్కువసేపు. అలాంటివాళ్ళని ఒక రోజో రెండు రోజులో హాస్పిటల్లో ఉంచి చూడాల్సి రావచ్చు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళలో షుగర్ ఇలా పడిపోవడం అరుదు.

స్పృహ లేకపోతే

ఇది బాగా వినండి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు. పంచదార నీళ్ళు కాదు కదా, మంచినీళ్ళు కూడా. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి, 108కి కాల్ చేయండి, "షుగర్ పేషెంట్, స్పృహ లేదు" అని చెప్పండి. ఫిట్స్ వస్తుంటే చేతిలో తాళాల గుత్తి పెట్టడం, గట్టిగా పట్టుకోవడం ఇవేవీ వద్దు. గ్లూకగాన్ అనే ఇంజెక్షన్ ఉంది, కానీ మన ఊళ్ళ మెడికల్ షాపుల్లో అంత తేలిగ్గా దొరకదు. మా ఊరి నుంచి ఏలూరుకి 50 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అందుకే స్పృహ పోయేదాకా రానివ్వకపోవడమే మన అసలు మందు.

ఇన్సులిన్ వాడే ఇళ్ళకి ఒక మాట

మన దగ్గర ఇన్సులిన్ బాటిళ్ళు రెండు రకాలు. 40 యూనిట్లది, 100 యూనిట్లది. సిరంజిలు కూడా రెండు రకాలే. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 బాటిల్‌లోంచి 40 సిరంజితో లాగితే, మీరు 10 గీతలు అనుకున్నది నిజంగా 25 యూనిట్లు. రెండున్నర రెట్లు! షాపు మారినప్పుడల్లా బాటిల్ మీద అంకె, సిరంజి మీద అంకె రెండూ కలిశాయో లేదో చూడండి.

మీటర్, సెన్సర్, వాచ్

మామిడిపండు తిన్న చేత్తో టెస్ట్ చేస్తే వేలి మీది రసం వల్ల రీడింగ్ తప్పుగా ఎక్కువ వస్తుంది. అసలు షుగర్ తక్కువ ఉన్నా మీకు తెలీదు. సబ్బుతో కడిగి, తుడుచుకుని, వేలి పక్కభాగంలో పొడవండి. స్ట్రిప్ డబ్బా మూత బిగించి ఉంచండి, ఎక్స్‌పైరీ చూడండి. ఇంకోటి, మంచి మీటర్‌కి కూడా 100 లోపు రీడింగుల్లో 15 అటూ ఇటూ తేడా ఉండొచ్చు. కాబట్టి 74 చూపించినా మనిషి వణుకుతూ చెమటలు పడుతుంటే అంకెతో వాదించకండి, తీపి ఇవ్వండి.

చేతికి అతికించే సెన్సర్లు బాగుంటాయి, రాత్రిళ్ళు అలారం కొడతాయి. కానీ అవి చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింద ఉండే ద్రవాన్ని. కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటాయి. తీపి ఇచ్చాక పెరిగిందో లేదో వేలి టెస్ట్‌తోనే చూడటం మంచిది. ఆ చెయ్యి మీద ఒత్తిగిలి పడుకున్నా తప్పుగా తక్కువ చూపించొచ్చు.

ఇక ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకి అమ్మే, సూది లేకుండా షుగర్ చెప్తామనే వాచ్‌లు, రింగులు. వాటిని నమ్మొద్దు. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ, చర్మం గుచ్చకుండా తమంతట తాము షుగర్ కొలిచే ఏ వాచ్‌కీ, ఏ రింగుకీ తాము అనుమతి ఇవ్వలేదని హెచ్చరించింది. గాడ్జెట్లంటే నాకూ పిచ్చే. కానీ ఇక్కడ తప్పు రీడింగ్ అంటే తప్పు డోసు.

పడిపోకుండా ఏం చేయాలి

నేను చేసింది ఒకటే, లాగ్ రాయడం. టైమ్, రీడింగ్, ఏం తిన్నారు, ఏ మాత్ర, ఎంత పని. రెండు వారాలకే మామ్మ విషయంలో ప్యాటర్న్ కనిపించింది. గుడికి నడిచి వెళ్ళిన రోజులు, తక్కువ తిన్న రోజులు. ఆ నోట్స్ చూసే డాక్టర్ గారు మందు మార్చారు. మేమంతట మేము మార్చలేదు.

ఉపవాసాలు కార్తీకమైనా, ఏకాదశైనా, రంజాన్ రోజాలైనా, ముందే డాక్టర్‌ని అడిగి డోసు మార్పించుకోండి. ఉపవాసంలో 70 లోపు వస్తే ఆ క్షణమే విరమించాలి. ద్వారకా తిరుమల నడిచి వెళ్ళేవాళ్ళు, రాత్రంతా కొల్లేరు వైపు చేపల చెరువుల మీద కాపలా ఉండేవాళ్ళు జేబులో గ్లూకోజ్ పొట్లం పెట్టుకోండి. ఖాళీ కడుపుతో మందు తాగితే కాలేయం గ్లూకోజ్ తయారు చేయడం తగ్గిపోతుంది. చూసేవాళ్ళు తాగి పడిపోయాడనుకుని వదిలేస్తారు. ఇన్సులిన్‌గానీ పైన చెప్పిన మాత్రలుగానీ వాడేవాళ్ళు బండి తీసేముందు చూసుకోండి, 90 పైన ఉంటేనే తీయండి.

చివరిగా ఈ రోజు రాత్రి పది నిమిషాల పని. అమ్మానాన్నల ఫోన్ లాక్ స్క్రీన్ మీద ఎమర్జెన్సీ సమాచారంలో "డయాబెటిస్" అని, మందుల పేర్లు, మీ నంబర్ పెట్టండి. మంచం పక్కన గ్లూకోజ్ డబ్బా, స్పూను, మీటర్ పెట్టండి. ఇంట్లో కనీసం ఇద్దరికి టెస్ట్ చేయడం నేర్పండి.

మొన్న కార్తీకంలో మామ్మ ఉపవాసం మానేసింది. నేను అడగలేదు. "శివుడికి తెలుసులేరా నా షుగర్ సంగతి" అని పొద్దున్నే ఇడ్లీ తిని, మాత్ర వేసుకుని, దీపం పెట్టుకుంది.

మీ ఇంట్లో వాడే మాత్రల్లో వోగ్లిబోజ్ ఉందో లేదో కామెంట్లో చెప్పండి. ఈ వీడియో ఫ్యామిలీ గ్రూప్‌లో ఒకసారి పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.