మెట్టసీమలో ప్రార్థన మందిరము

నెల్లూరు జిల్లా అనగానే పెన్న కాలువల క్రింది వరిచేలు కన్నుల మెదలును. జిల్లా పడమటి భాగము అట్టిది కాదు. వెలిగొండల దాపున నున్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో పెక్కుభాగము మెట్ట. చెరువు నిండిన ఏట పంట, నిండని ఏట వలస. కృష్ణదేవరాయలు 1514లో సాధించిన ఉదయగిరి దుర్గమును చూడవచ్చువారు కొండ దిగి తిరిగిపోదురు. ఊరివెలుపలి పాలెములలోని ప్రార్థన మందిరములవైపు వారి చూపు పోదు. వాని వెనుకను ఒక చరిత్ర కలదు.

అమెరికా బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరెను. ఏండ్లు గడచినను సంఘమున చేరినవారు కొలదిమందియే. పటముపై ఒంటరి చుక్కవలె నిలిచిన ఈ కేంద్రమును మూసివేయుదమా యని 1853లో అమెరికాలోని పెద్దలు తర్జనభర్జన పడిరి. మూయలేదు. తరువాతి కథను నడిపినది దొరలకంటె ఎక్కువగా ఒక మాదిగ కులస్థుడు. తోళ్ళ వ్యాపారముపై ఊరూర తిరిగిన యెర్రగుంట్ల పేరయ్య 1866లో భార్యతో కూడ బాప్తిస్మము పొంది, తనవారి పాలెములలో బోధింప మొదలిడెను. ఆనాడు ఒంగోలు, కనిగిరి సైతము నెల్లూరు జిల్లాలోనివే. కనిగిరి ఉదయగిరికి పొరుగుసీమ. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఆరంభమైన ఒంగోలు సంఘమువారు 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఆ అల క్రమముగా పడమటికి ప్రాకినది. 1880వ దశకమున ఉదయగిరిలోను, 1890వ దశకమున ఆత్మకూరులోను మిషను కేంద్రములు వెలసెను.

అది 1876-78 నాటి మహా కరువు చాలించిన సమయము. గంజికొరకు మతము మార్చుకొనిరన్న మాట నాడే పుట్టినది. బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి చూపిన క్లౌ దొర, ఆ పని జరిగినన్నాళ్ళు బాప్తిస్మములను ఆపివేసెనన్న సంగతి ఆ మాట అన్నవారికి తెలియదు కాబోలు. చేరినవారికి లాభముకంటె ముందు నష్టమే ఎదురయ్యెను. ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువును తినరాదు, విగ్రహములను పూజింపరాదు: ఇవి మూడు కట్టడలు. జాతరలో డప్పు కొట్టుట మాదిగలకు ఊరు విధించిన పని. అది మానిన పాలెమువారికి ఊరు కూలి మాన్పెను. నీరు తెచ్చుకొను దారులు మూసెను. ఐనను వారు వెనుకకు పోలేదనుట గమనింపదగినది.

వారికి దొరకిన తృప్తి యెట్టిది? పగలంతయు పొలమున నలిగినవారు రాత్రి దీపము వెలుగున చాపలపై కూర్చుండిరి. ఉపదేశియే బడిపంతులు, ఉన్న ఒక్క గదియే రాత్రికి గుడి, పగటికి బడి. ఊరి బడి అరుగు ఎక్కనీయని పిల్లవానికి అక్కడ పలక దొరకెను. ఉపాధ్యాయ పాఠకులకు ఇంతకంటె చెప్ప నక్కరలేదు. పురుషోత్తమ చౌదరి (1803-1890) కీర్తనలు తెలుగు రాగములలో నుండుటచేత చదువురానివారును పాడగలిగిరి. వంటకు బియ్యము తీయునప్పుడెల్ల గృహిణి ఒక పిడికెడు వేరు కుండలో వేయును. ఆ పిడికెళ్ళే ఉపదేశికి జీతము, గోడకు సున్నము. ఇచ్చుటకు తమ వద్దను ఏదో కలదని ఎరుగుటయే ఆ పేదలకు కొత్త.

నీడలును కలవు. మందిరము చేరినను మాల మాదిగల భేదము పలుచోట్ల సమసిపోలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులను షెడ్యూల్డు కులముల పట్టికనుండి తొలగించినది. ఆంధ్రప్రదేశములో వారు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమువారు. అందుచే ఆదివారము ఒక పేరు, ఆఫీసు కాగితముపై ఒక పేరుగా బ్రదుకు కుటుంబములు కలవు. దీనిని కపటమనుట సులభమే. కొడుకు చదువును పణముగా ఒడ్డినవానికి తెలియును దాని బరువు.

1962లో తెలుగు బాప్తిస్టు సంఘముల సమాఖ్య ఏర్పడి, నిర్వహణ తెలుగువారి చేతికి వచ్చినది. తరువాత పెంతెకొస్తు, స్వతంత్ర సంఘములవారును చిన్న మందిరములు కట్టుకొనిరి. కోతల పండుగనాడు పొట్లకాయలు, కోళ్ళు, కంది మూటలు తెచ్చి మందిరమున వేలము వేయుదురు. పది రూపాయల పొట్లకాయను నూరు రూపాయలకు పాడినవాడు దానిని ఇంటికి గొనిపోడు. మరల వేలమునకే ఇచ్చివేయును. అదే కాయ మూడు నాలుగు మారులు అమ్ముడుపోవును.