బ్యాటరీ రంపం: ముక్కుతోనే జాగ్రత్త

ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ సెటిల్‌మెంటులో తెలుగువాళ్ళ పెరడంటే మునగ, కరివేపాకు, జామ, చోటుంటే ఒక మామిడి. కాలబైశాఖి గాలులు మొదలయ్యేలోపు కొమ్మలు దింపించుకోవాలి. లేకపోతే ఒక్క సాయంత్రం గాలికి అవి రేకుల మీదో కరెంటు తీగ మీదో పడతాయి. 2020 మేలో వచ్చిన అంఫన్ తుఫానును దక్షిణ బెంగాల్ మరిచిపోలేదు. ఇదివరకు కత్తీ చేతిరంపం పట్టుకొచ్చే మనిషి కోసం ఎదురుచూసేవాళ్ళు. ఇప్పుడు అరచేతిలో ఇమిడే బ్యాటరీ రంపం ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తోంది.

ఏ రంపం కొంటే మంచిదో గాలులకు ముందే రాసిమ్మన్నారు సంపాదకులు. రంపాల పెట్టెల్లో వచ్చే వాడకం పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాక, ధరలకన్నా వాటిలోని ఒక బొమ్మ గురించి చెప్పడమే ముఖ్యమనిపించింది. చైన్ రంపం పుస్తకాల్లో ఆ బొమ్మ ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. చైన్ తిరిగే పట్టీని పక్కనుంచి గీసి, దాని ముక్కు పైభాగాన్ని గీతలతో నింపి, అక్కడినుంచి మనిషి ముఖం వైపు వంపు తిరిగిన బాణం వేస్తారు.

ఆ బాణం సంగతి ఇది. చైన్ పట్టీ పైఅంచున ముందుకు పరుగెత్తి, ముక్కు దగ్గర మలుపు తిరిగి, కింది అంచున మన వైపు వస్తుంది. కింది అంచుతో కోస్తే రంపం కొమ్మలోకి లాక్కుంటుంది. పైఅంచుతో కోస్తే మన మీదికి తోస్తుంది. ముక్కు పైభాగం గట్టి దేనికైనా తగిలి పళ్ళు ఇరుక్కుంటే, ఆ వేగమంతా పట్టీని పైకీ వెనక్కీ విసురుతుంది. అది రెప్పపాటులో జరిగిపోతుంది. చెయ్యి గట్టిదైనా ఆపే వ్యవధి ఉండదు. పెద్ద చైన్ రంపాలకు ఇలాంటప్పుడు చైన్‌ను నిలిపేసే బ్రేకు ఉంటుంది. నాలుగైదు అంగుళాల చిన్నవాటిలో చాలావాటికి అది ఉండదు.

మామిడిలాగా గుబురుగా పెరిగే చెట్టులో ఇది మరీ ప్రమాదం. కళ్ళు కోస్తున్న కొమ్మ మీద ఉంటాయి, ముక్కు మాత్రం వెనకాల కనపడని రెమ్మకు తగులుతుంది. అందుకే ముందు చిన్న రెమ్మల్ని కత్తెరతో తీసేసి, ముక్కుకు ఖాళీ చేసుకున్నాకే చైన్ తిప్పాలి. రంపాన్ని ముఖానికి ఎదురుగా కాక, శరీరానికి కాస్త పక్కగా పట్టుకోవాలి.

అమ్మకాల ప్రకటనల మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. నిచ్చెన మీద నిలబడి, ఒక చేత్తో కొమ్మ వంచి, రెండో చేత్తో కోసే మనిషిని చూపించి జనాన్ని మునగచెట్టు ఎక్కిస్తున్నారు. ఖాళీగా ఉన్న చెయ్యే చైన్ దారిలోకి వెళుతుంది. రెండు చేతులతో పట్టుకునే వీలుంటే రెండూ రంపం మీదే ఉండాలి. ఒంటిచేతి పిడి మాత్రమే ఉంటే, రెండో చెయ్యి కోతకు బాగా దూరంగా ఉండాలి. నిచ్చెన ఎక్కి చైన్ రంపం పట్టడమే వద్దు. భుజం ఎత్తు దాటిన కొమ్మకు దోటికి బిగించిన రంపం వాడండి, లేదా పని తెలిసినవాళ్ళను పిలవండి. ఇక మునగ మానుకు బలం లేదు, చెప్పకుండా విరుగుతుంది. దాన్ని ఎక్కనే కూడదు.

కోతకూ ఒక వరస ఉంది. బరువైన కొమ్మను పైనుంచి ఒక్కసారే కోస్తే, సగంలో విరిగి మాను బెరడును చీల్చుకుంటూ వేలాడుతుంది. ముందు మాను నుంచి ఒక అడుగు దూరంలో, కిందినుంచి కొమ్మ మందంలో మూడో వంతు కొయ్యాలి. రంపం మన మీదికి తోసేది ఈ కోతలోనే కాబట్టి పట్టు బిగించాలి. తర్వాత ఇంకాస్త బయటగా పైనుంచి కోస్తే కొమ్మ శుభ్రంగా తెగిపడుతుంది. మిగిలిన మోడును, కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బిన చోటికి బయటగా తీసెయ్యాలి. ఆ ఉబ్బులోనే చెట్టు తన గాయాన్ని మూసుకునే శక్తి ఉందని అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు అలెక్స్ షైగో వేల దుంగలను కోసి చూసి చెప్పాడు. గాయానికి పూసే రంగులు కుళ్ళును ఆపవని కూడా ఆయన తేల్చాడు.

చైన్ లేకుండా, బ్లేడు ముందుకూ వెనక్కూ ఆడే రకం మరొకటి ఉంది. పెరటి పనికి నా ఓటు దానికే. ముక్కు తగిలితే అదీ ఎగురుతుంది గానీ, తిరిగే చైన్ అంత ఉధృతంగా కాదు. బ్లేడు మొదట్లో ఉండే ఇనుప ఆనును కొమ్మకు గట్టిగా ఆనించి కోస్తే కుదుపు తగ్గుతుంది.

రంపం చరిత్ర క్లుప్తంగా. జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో కరెంటు చైన్ రంపం చేశాడు, దాన్ని ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. అమెరికాలో జోసెఫ్ కాక్స్ కొయ్యను తొలిచే పురుగు దవడలు చూసి 1940లలో కొత్తరకం పళ్ళు చేశాడు. లిథియం అయాన్ బ్యాటరీ 1991లో అంగడికి వచ్చింది. ఇక ఖరగ్‌పూర్‌లో తెలుగు పెరళ్ళ సంగతికొస్తే, బెంగాల్ నాగపూర్ రైల్వే వచ్చాక తెలుగువాళ్ళు రైల్వే పనుల్లోకి వచ్చి ఇక్కడే తరాలుగా స్థిరపడ్డారు.

బ్యాటరీ, బట్టలు
చైన్ బిగించేటప్పుడు, ఇరుక్కున్న పుల్ల తీసేటప్పుడు, పక్కన పెట్టేటప్పుడు ముందు బ్యాటరీ ఊడదీయాలి. మీట వదిలాక కూడా చైన్ కాసేపు తిరుగుతుంది. కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడాలి, రాత్రంతా ఛార్జింగులో వదిలేసి నిద్రపోకూడదు. ఉబ్బిన బ్యాటరీని వాడొద్దు. లుంగీ, చున్నీ, వేలాడే కొంగు చైన్‌కు చుట్టుకుంటాయి. కళ్ళద్దాలు, మూసిన బూట్లు ఉండాలి. పిల్లల్ని కొమ్మ పడే చోటికి దూరంగా ఉంచాలి.

చివరిగా ట్రాఫిక్ సెటిల్‌మెంటు వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. పట్టాల మీది తీగలో 25 వేల వోల్టులుంటాయి. కరెంటు ఆపి, అనుమతి పత్రం ఇస్తే తప్ప రెండు మీటర్ల దగ్గరికి రైల్వే సిబ్బందినే రానివ్వరు. పచ్చి కొమ్మలోంచి కరెంటు పారుతుంది. పట్టాల వైపు, కరెంటు తీగల వైపు వాలిన కొమ్మ ఎంత చిన్నదైనా మీరు ముట్టుకోకండి. రైల్వే కరెంటు విభాగానికి చెప్పి, వాళ్ళు వచ్చేదాకా ఆగండి.